పోస్టుకార్డు అంచు దాటిన మూడక్షరాలు

ఆ ఏడు మా రేవులో కొంబు అనే సముద్రపు నాచు కోత జులై ఇరవైన మొదలై సెప్టెంబరు నెలాఖరు దాకా సాగింది. మా ఇంట్లో మాత్రం ఆగస్టు ఎనిమిదినే ఆగిపోయింది.

కొంబు కోతకు జెండా చూసి వెళ్లాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు గుట్ట మీద తెల్ల జెండా ఎగిరితే పడవలు దించవచ్చు. ఎర్ర జెండా ఎగిరితే ఎవరి పడవా ఇసుక దాటకూడదు. కోసిన నాచును ఆ పూటే గులకరాళ్ల మీద పరిచి, ఆ ఒక్క ఎండకే ఆరబెట్టాలి. మధ్యాహ్నం వాన పడిందంటే కోసిందంతా చెత్త కింద లెక్క. అందుకని జెండా పట్టే మనిషి కెరటాన్నే కాదు, సాయంత్రం దాకా రాబోయే ఎండను కూడా చూడగలగాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ పని ఇషిదాతేది. నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని.

కోత మొదటి రోజు నేను గుట్ట ఎక్కేసరికి ఆయన పక్కన నా కూతురు హత్సుమి నిలబడి ఉంది. దానికప్పుడు ముప్పై ఏడేళ్లు. కుషిరోలో కాపురం నిలవక తిరిగొచ్చి, మా సహకార సంఘం ఆఫీసులో పని చేస్తోంది. పొద్దున్నే గుట్ట ఎక్కమని దానికెవరూ చెప్పలేదు. నాలుగేళ్లుగా తనే ఎక్కుతోంది.

"ఏమమ్మాయ్, ఏమంటోంది?" అన్నాడు ఇషిదాతే, సముద్రం వైపు గడ్డం చూపించి.

"సముద్రానికేం పెదనాన్నా, బాగానే ఉంది. ఆ మబ్బే."

"మబ్బుకేమైంది?"

"అడుగు నల్లగా ఉంది. కానీ కదలట్లేదు. పది దాటాక విరిగిపోతుంది."

"విరక్కపోతే?"

"విరక్కపోతే మా అమ్మ నన్ను విరుస్తుంది."

ఆయన నవ్వి, జెండా తాడు తీసి దాని చేతిలో పెట్టాడు. "ఎగరెయ్ మరి. ఏ రంగో నువ్వే చెప్పావుగా."

తెల్లది ఎగరేసింది. పది దాటాక ఎండ కాసింది.

దిగేటప్పుడు ఇషిదాతే నా భుజం పట్టుకుని మెట్లు దిగాడు. "నా మోకాళ్లు ఇంకో ఏడు ఈ గుట్ట ఎక్కవు తొమెజో. అక్టోబరు సభలో చెప్పేస్తా. తాడు నీ కూతురికే."

వెనక వస్తున్న హత్సుమి అడుగుల చప్పుడు ఆగింది.

"ఆడమనిషికా అంటారేమో పెదనాన్నా" అంది.

"అంటే అననీ. సముద్రం ఆడో మగో అడిగి ముంచుతుందా? ఏం తొమెజో?"

"ఊఁ" అన్నాను.

"ఊఁ అట! ముప్పై ఏళ్లుగా వింటున్నా ఈ ఊఁ. నీ బిడ్డ ఈ తీరానికి మొట్టమొదటి ఆడ జెండా మనిషి కాబోతోందయ్యా. కాస్త పళ్లు కనపడనీ."

నేను తిరిగి చూశాను. హత్సుమి కింది పెదవి కొరుక్కుంటూ సముద్రం వైపు చూస్తోంది. చిన్నప్పుడు దానికి కొత్త బూట్లు కొన్నప్పుడు కూడా అంతే. సంతోషం బయటపడితే ఎవరైనా పట్టుకుపోతారేమో అన్నట్టు.

మా గుట్ట మీది జెండా మా రేవుకు కనపడుతుంది. కొండచరియ అవతలున్న ఉరాహమా పల్లెకు కనపడదు. అందుకని ప్రతి ఇంట్లోనూ గోడకు ఒక స్పీకరు పెట్టె ఉండేది, సంఘం ఆఫీసు నుంచి తీగ లాగి. జెండా ఎగరగానే హత్సుమి గుట్ట దిగి, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని తెలుపుకైతే ఒక మీట, ఎరుపుకైతే ఒక మీట నొక్కేది. మిగతాది యంత్రం చూసుకునేది. మాకు కోత మేరలు రెండు. బేసి తేదీల్లో తూర్పు గట్టు, సరి తేదీల్లో పడమటి గట్టు. ఒకటి కోస్తుంటే ఇంకోటి పెరగాలని. యంత్రం తేదీ చూసి, సరో బేసో తేల్చుకుని, అన్ని ఇళ్లలోనూ "తెల్ల జెండా, తూర్పు గట్టు" అనో, "తెల్ల జెండా, పడమటి గట్టు" అనో, "ఎర్ర జెండా, సెలవు" అనో ముందే పట్టిపెట్టిన గొంతుతో చెప్పేది. ఆ గొంతు నా భార్య తొకిది. ఊళ్లో అందరికంటే బిగ్గరగా మాట్లాడేది అదేనని సంఘంవాళ్లు దాన్ని పిలిచారు.

ఆ యంత్రానికి పని చెప్పే వాక్యం రాసింది నేను.

కంప్యూటర్‌కి నేరుగా హుకుం జారీచేసే నల్ల తెర ఒకటుంటుంది. షెల్ అంటారు. వయసులో ఉన్నప్పుడు ఒక ఉక్కు కర్మాగారంలో యంత్రాల గది ఊడవడానికి చేరి, ఆ యంత్రాల్నే పదకొండేళ్లు నడిపాను. అప్పటి యంత్రాలకు మీటలు మూడేసి చొప్పున ఉండేవి. లెక్కంతా ఎనిమిదితో. ఏడు తర్వాత నేరుగా పది రాసేవాళ్లం. బడిలో మూడో తరగతితో ఆగిన లెక్క నాకు ఆ గదిలో మళ్లీ మొదలైంది. పది లెక్క కంటే ఎనిమిది లెక్కే నాకు తొందరగా వచ్చేది.

తేదీ చూసి సరా బేసా తేల్చడానికి షెల్‌లో పది మామూలు వరుసలు చాలు. నేను ఒక్క వరుసలో రాశాను. మామూలు మాట ఒక్కటీ కనపడకుండా, అన్నీ డాలరు గుర్తులూ, కుండలీకరణాలూ, చుక్కలూ. తేదీని తలకిందులు చేసి, ముక్కలు చేసి, మళ్లీ అతికించి, ఊరంతా తిరిగి చివరికి సరి అనో బేసి అనో చెప్పేది. తలుపు తీసే ఉన్నా పైకప్పు పెంకులు విప్పి ఇంట్లోకి దిగడం లాంటిది. అవసరమేమీ లేదు. అవసరం లేకపోవడంలోనే ఉంది సరదా.

ఆ సరదా పంచుకోవడానికి నాకు ఒకే మనిషి ఉండేవాడు. హొరికవా. కర్మాగారం గదిలో నా జతగాడు. అప్పటికి హచినోహెలో ఉంటున్నాడు. ఇద్దరం పోస్టుకార్డుల మీద ఇలాంటి వాక్యాలు పంపుకునేవాళ్లం. షరతులు మూడు. కార్డు నిడివికి ఒక్క వరుసలో పట్టాలి, అంచు దాటకూడదు. ఎక్కడో నిజంగా పనిలో ఉన్న వాక్యమై ఉండాలి, ఉత్తుత్తి వాక్యం పనికిరాదు. అందుకున్నవాడు అది చేసే పనేమిటో యంత్రం ముట్టకుండా చదివి చెప్పాలి, చెప్పలేకపోతే ఎండు స్క్విడ్ ఒక కట్ట పంపాలి.

కార్డులు వచ్చినప్పుడల్లా తొకి వాటిని వెలుగుకు పట్టి చూసేది. "ఊళ్లో అందరూ కర్రతో నాచును మెలిపెట్టి పీకుతారు. ఈయన దేన్ని మెలిపెడతాడో, ఏం పీకుతాడో!" అనేది.

ఆ జులై మొదటివారంలో హొరికవా కార్డు వచ్చింది. జెండా వాక్యాన్ని అంతకుముందే అతనికి పంపాను.

"ఒరే తొమే, నీ వాక్యం కార్డు అంచు దాటి పక్కకు పాకింది. మూడక్షరాలు. అంచు దాటితే ఓటమేనని రాసింది నువ్వే. ముసలాడివయ్యావు. పళ్లూడినట్టు ఆ మూడూ కూడా ఊడగొట్టుకుని మళ్లీ పంపు, చదువుతా."

నేను చాలాసేపు ఆ వాక్యాన్ని చూశాను. ఎక్కడ కదిపినా కూలిపోయేలా ఉంది. తీయదగ్గవి ఒక మూడక్షరాలే కనిపించాయి. ఒకటి, సున్నా, పక్కన బావి చట్రం గుర్తు, అంటే అడ్డంగా రెండు నిలువుగా రెండు గీతలు. నాలుగేళ్ల క్రితం నేనే పెట్టాను. ఎందుకు పెట్టానో ఆ పూట గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు. జులై పన్నెండున వాటిని తీసేసి నడిపి చూశాను. బాగానే నడిచింది. పదమూడునా నడిచింది. కార్డు అంచుకు సరిగ్గా సరిపోయింది. పనిలో ఉన్న వాక్యమే లెక్క కాబట్టి, ఆఫీసు యంత్రంలో పాతది తీసి కొత్తది పెట్టాను. హొరికవాకు కార్డు వేశాను.

నేను పెడుతుండగా హత్సుమి వచ్చి వెనక నిలబడింది.

"నాన్నా, దీన్ని మామూలుగా రాయకూడదా? నాకు అర్థమయ్యేలా?"

"నడుస్తోందిగా."

"నడవనప్పుడో?"

"నేనున్నాగా."

"నువ్వు లేనప్పుడో?"

నేను మీటలు నొక్కుతూనే ఉన్నాను. అది నవ్వేసింది. "సరేలే. నువ్వెలాగూ నోరు విప్పవు. నేనే చదువుకుంటా" అని, ఆ వాక్యాన్ని కాగితం మీద అచ్చు తీసుకుని మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాత రెండుమూడు సార్లు మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన ఆ కాగితం పెట్టుకుని ఎర్ర పెన్సిలుతో గీతలు గీస్తుండటం చూశాను. పాపం, రెండు రోజుల్లో వదిలేస్తుందిలే అనుకున్నాను. మనసులో ఒక మూల గర్వంగా కూడా ఉంది. హొరికవాకే కొరుకుడుపడని వాక్యం.

ఆగస్టు ఏడున తెల్ల జెండా. బేసి తేదీ కాబట్టి తూర్పు గట్టు. ఆ ఏడాదికంతా మంచి కోత ఆ రోజే.

ఎనిమిదో తేదీ పొద్దున్న లేచేసరికి పొగమంచు. మా వాకిట్లోంచి చూస్తే గుట్ట మీద జెండా అయితే మసగ్గా కనపడుతోంది. ఎర్రది. తొకి నాచు పరిచే చాపల్ని మళ్లీ లోపల పెడుతోంది. నేను టీ పోసుకున్నాను. గోడ మీది పెట్టె గరగరమంది. తొకి గొంతే బిగ్గరగా చెప్పింది.

"తెల్ల జెండా, తూర్పు గట్టు. తెల్ల జెండా, తూర్పు గట్టు."

తొకి చాప చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడింది. "ఏమయ్యా, ఇవాళ ఎనిమిది కదూ?"

"ఊఁ."

"సరి తేదీన తూర్పేంటి? అదీగాక జెండా ఎర్రగా ఉంటే తెలుపేంటి? నేనెప్పుడన్నానిలా?"

పక్కింటివాళ్లు బయటికొచ్చి గుట్ట వైపు చూసి, మా ఇంటి వైపు చూసి నవ్వారు. "తొకి వదినా, పొద్దున్నే మందు కొట్టావా ఏంటి?" అని ఎవరో అరిచారు. మా రేవులో ఎవరూ పడవ దించలేదు. జెండా కళ్ల ముందే ఉందిగా.

నేను కప్పు కింద పెట్టి చెప్పులు వేసుకున్నాను. ఆ క్షణానికి నాకు ఉరాహమా తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆఫీసుకు చేరేసరికి ఎవరూ లేరు. ఆఫీసులో పెట్టె ఉండదు, యంత్రం పక్కన పెడితే కీచుమంటుందని తీసేశారు. కాబట్టి తను నొక్కాక ఇళ్లలో ఏం వినపడిందో హత్సుమికి వెంటనే తెలియలేదు. దారిలో ఎవరో చెబితే విని, సంఘం ట్రక్కు తీసుకుని ఉరాహమాకు పోయింది. చరియ చుట్టి వెళ్లాలి. పావుగంట పడుతుంది. అది చేరేసరికి ఆ ఒడ్డున ఒక్క పడవా లేదట. పదకొండు పడవలూ మంచులోకి వెళ్లిపోయాయి. అది ట్రక్కు హారను మీద చెయ్యి పెట్టి, గంటకు పైగా తియ్యకుండా నిలబడిందని తర్వాత అక్కడి ఆడవాళ్లు చెప్పారు. ఆ చప్పుడు పట్టుకుని పది పడవలు తిరిగొచ్చాయి. పదకొండోది సుగాయెది. రాళ్లకూ పడవకూ మధ్య అతని కాలు నలిగింది. ప్రాణం దక్కింది. కాలు మోకాలి కింద తీసేశారు.

ఆ హారను మా ఆఫీసుకు వినపడలేదు. నేను యంత్రం ముందు కూర్చున్నాను. ఏడో తేదీ వేసి నడిపి చూశాను. సరిగ్గా చెప్పింది. ఎనిమిది వేశాను. ఏమీ చెప్పలేదు. నొక్కింది ఎరుపు మీటైనా నా వాక్యం ముందు తేదీనే తేల్చుకుంటుంది; అక్కడే ఆగి ఏమీ చెప్పకపోతే పెట్టెల్లో నిన్నటి మాటే మిగిలిపోతుంది. అదే వినపడింది.

షెల్‌కి ఏదైనా నచ్చకపోతే తెర మీద గొణుగుతుంది. ఆ గొణుగుడు కనపడకుండా పారబోయడానికి ఒక గుంట కూడా ఉంటుంది. నా వాక్యం చివర ఆ గుంట పెట్టాను, అందం కోసం. ఇప్పుడు దాన్ని తీసి నడిపాను. తెర మీద ఒక ముక్క వచ్చింది. సున్నా ఎనిమిది అనేది ఈ లెక్కలో లేని అంకె అని.

తేదీ ఒంటి అంకె అయితే యంత్రం ముందు ఒక సున్నా పెడుతుంది. ముందు సున్నా కనపడితే షెల్ దాన్ని ఎనిమిది లెక్క అనుకుంటుంది. ఆ లెక్కలో ఏడు దాకానే అంకెలు. ఎనిమిదీ లేదు, తొమ్మిదీ లేదు. "అలా కాదు, పది లెక్కలోనే చదువు" అని చెప్పేవే ఆ మూడక్షరాలు. నేను తీసేసింది జులై పన్నెండున. ఎనిమిది, తొమ్మిది తేదీలు దాటిపోయాక. మళ్లీ ఎనిమిది వచ్చింది ఆ రోజే. ఎనిమిది లెక్కతో పదకొండేళ్లు బతికినవాణ్ని.

మూడక్షరాలూ మళ్లీ పెట్టాను. ఐదు క్షణాలు కూడా పట్టలేదు. లేచి ఇంటికొచ్చాను.

తొమ్మిదో తేదీన హొరికవా నుంచి పొట్లం వచ్చింది. ఎండు స్క్విడ్ కట్ట, దాంతోపాటు కార్డు. కంటికి శుక్లం తీయించుకుని కొన్నాళ్లు చదవలేకపోయాడట.

"ఓడిపోయాను. దీని తలా తోకా ఇప్పటికి తెలిసింది. గొప్పగా ఉంది. ఒక్క అనుమానం. ఎనిమిదో తేదీన ఇది ఏం చేస్తుందిరా? నిజంగా పనిలో పెట్టావా?"

కార్డు మీద ఆరో తేదీ ఉంది. స్క్విడ్ ఎవరూ తినలేదు.

పదో తేదీన సంఘం మేడ మీద సభ పెట్టారు. చాపల మీద ముప్పైమంది దాకా కూర్చున్నారు. కెటిల్ ఉడుకుతున్నా ఎవరూ టీ పోసుకోలేదు. హత్సుమి గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. రెండు రోజులుగా అది ఇంట్లో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు గానీ, నేను మాట్లాడకపోవడంలో ఎవరికీ తేడా తెలియదు.

సుగాయె ఆస్పత్రిలో ఉన్నాడు. అతని భార్య వచ్చింది. కోపంగా లేదు. అలిసిపోయి ఉంది.

"పెట్టె తెల్ల జెండా, తూర్పు గట్టు అంది. సరి తేదీన తూర్పేంటయ్యా అన్నాన్నేను. నీకు తెలుసా, పెట్టెకు తెలుసా అన్నాడు. అదే ఆఖరి మాట, రెండు కాళ్లతో ఉన్నప్పుడు."

సంఘం అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "హత్సుమి గారూ, ఆ రోజు మీరు నొక్కింది..."

హత్సుమి తలెత్తింది. అధ్యక్షుడి వైపు కాదు, నా వైపు చూసింది. ఎంతసేపని చెప్పను. కెటిల్ మూత ఒకసారి ఎగిరి పడేంతసేపు.

వేలు తప్పి తెలుపు మీట నొక్కి ఉంటే పెట్టె పడమర అనాలి. సరి తేదీ కదా. తూర్పు అనదు. ఆ తూర్పు అన్న ఒక్క మాట చాలు, తప్పు వేలిది కాదని తేల్చడానికి. ఆ గదిలో ఈ సంగతి తెలిసింది నాకొక్కడికే అనుకున్నాను.

అప్పుడు ఇషిదాతే అన్నాడు, "ఎరుపు మీట నొక్కుతానని చెప్పే దిగింది గుట్ట. ఆ అమ్మాయి వేలు తప్పే రకం కాదు. తొమెజో, యంత్రం నీది. నువ్వేమైనా చెప్తావా?"

అందరూ నా వైపు తిరిగారు. చాప అంచు వేళ్లకు తగులుతోంది. చెప్పాల్సింది పెద్ద కథేం కాదు. ఒక పోస్టుకార్డు, మూడక్షరాలు, ఒక స్నేహితుడు నన్ను ముసలాడన్నాడు.

"యంత్రం బాగానే ఉంది" అన్నాను.

అబద్ధం కాదు. రెండు రోజుల క్రితమే బాగుచేశాను.

హత్సుమి రెండు చేతులూ చాప మీద పెట్టి, నుదురు ఆనేదాకా వంగింది. "నా వేలు తప్పింది. సుగాయె గారికి నేను చేసిన అన్యాయానికి క్షమాపణ లేదు" అంది. సుగాయె భార్య లేచొచ్చి దాని వీపు మీద చెయ్యి పెట్టింది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాతి రోజుల్లో ఇషిదాతే కుంటుకుంటూ ఒక్కడే గుట్ట ఎక్కాడు. హత్సుమి ఎక్కలేదు. మీట నొక్కే పని అధ్యక్షుడి గుమాస్తా తీసుకున్నాడు. హత్సుమికి రికార్డులు సర్దే పని ఇచ్చారు. ఉరాహమాకు మాత్రం ఆదివారాల్లో వెళ్లి సుగాయె వాళ్ల నాచు పరిచి, ఆరబెట్టి, కట్టలు కట్టి వచ్చేది. ఇంట్లో తొకి దాని అన్నం గిన్నెలో ఎప్పుడూ ఇంకొంచెం వేసేది. అది ఎప్పుడూ ఆ కొంచెం మిగిల్చేది.

కోత అయిపోయిన మర్నాడు, సెప్టెంబరు ఆఖర్న, కుషిరో వెళ్లిపోతానంది. అక్కడ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని దొరికిందట.

"సభ అక్టోబరు పదిహేనున కదే. అప్పటిదాకా ఉండకూడదూ? పెద్దాయన ఇంకా నీ పేరే చెప్తానంటున్నాడు" అంది తొకి.

"వద్దనే చెప్పానమ్మా. జెండా పట్టేవాళ్ల మీద అనుమానం ఉండకూడదు. తెలుపెగిరినప్పుడల్లా ఉరాహమావాళ్లు ఆగి ఆలోచిస్తే, అదేం జెండా?"

బస్సు స్టాపుకు దాని సామాను పెట్టె నేను మోశాను. తొకి రాలేదు. కొంబు చుట్టిన హెర్రింగ్ చేపలు ఒక డబ్బా నిండా కట్టిచ్చి, వంటింట్లోనే ఉండిపోయింది. సముద్రం గాజులా ఉంది. అలాంటి రోజు తెల్ల జెండా ఎగరేస్తారని చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. హత్సుమి అలవాటుగా గుట్ట వైపు చూసింది. కోత అయిపోయింది కదా, కొయ్యకు ఏ జెండా లేదు.

చరియ మలుపులో బస్సు కనపడింది. ఇంకో నిమిషంలో వస్తుంది. చెబుదామనే అనుకున్నాను. నోరు కూడా తెరిచాను. "చలి కోటు పెట్టుకున్నావా?" అన్నాను.

"పెట్టుకున్నాను నాన్నా."

బస్సు ఆగింది. పెట్టె అందించాను. మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని, నా వైపు వంగి మామూలు గొంతుతోనే అంది.

"ఆ మూడక్షరాలు మళ్లీ తియ్యకు నాన్నా."

తలుపు మూసుకుంది. బస్సు వెళ్లిపోయింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. జులైలో అది అచ్చు తీసుకున్న కాగితంలో ఆ మూడక్షరాలు లేవు. ఎనిమిదో తేదీ తర్వాత యంత్రంలో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. హొరికవా ఓడిపోయానన్న వాక్యాన్ని నా కూతురు అన్నం డబ్బా పక్కన పెట్టుకుని చదివేసింది. సభలో నా వైపు చూసినప్పుడే దానికంతా తెలుసు. చూసింది అడగడానికి కాదు. నేను చెప్తానేమోనని.

నా వాక్యాన్ని హొరికవా కాకుండా ఇంకొకరు చదవాలని నలభై ఏళ్లు ఎదురుచూశాను. చదివిన మనిషి బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే అధ్యక్షుడి ఇంటికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ నెల పైన గడిపాను. వెళ్లి చెప్పేసరికి సభ అయిపోయింది. ఇషిదాతే తాడును మేనల్లుడి చేతిలో పెట్టేశాడు. అధ్యక్షుడు నేను చెప్పిందంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడా తొమెజో గారూ చెప్పేది?" అన్నాడు. అంతే. ఉరాహమా వెళ్లి సుగాయెకూ చెప్పాను. అతను కర్ర మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "సరి తేదీన తూర్పు. మా ఆవిడ మొత్తుకుంది. నేనే వినలేదు" అన్నాడు. ఇషిదాతే మాత్రం చాలాకాలం నన్ను పలకరించలేదు. ఆయనకు చెప్పినప్పుడు "ఊఁ" అన్నాడు. నా మీద నా మాటే తిప్పికొట్టాడు.

ఆ రాత్రి తొకి కుషిరోకు ఫోన్ చేసింది. "మీ నాన్న ఊరందరికీ చెప్పాడే. తప్పు తనదేనని" అంది. అది చెప్పింది విని, ఫోన్ పెట్టేసింది.

"ఏమంది?" అన్నాను.

"ఊఁ అంది. నీ కూతురేగా."

ఆ చలికాలమంతా కూర్చుని జెండా వాక్యాన్ని మళ్లీ రాశాను. ముప్పై ఒక్క వరుసలు. ఒక వరుసకు ఒకటే పని. ప్రతి వరుస పక్కన అది ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో తేలిక మాటల్లో రాశాను. ఎనిమిదో తేదీ గురించి రెండు వరుసలు రాశాను. గొణుగుడు పారబోసే గుంట తీసేశాను. యంత్రానికి ఏదైనా నచ్చకపోతే అందరికీ వినపడేలా గంట మోగుతుంది. మెలికలు వెయ్యడం కంటే ఇదే కష్టమైంది. హొరికవాకు పంపితే "ఇందులో సరదా ఏముందిరా?" అని రాశాడు. అతనితో కార్డులు అక్కడితో ఆగాయి.

ఫిబ్రవరిలో ఒక ప్రతి కుషిరోకు పోస్టు చేశాను. ఉత్తరం కూడా రాద్దామని కూర్చున్నాను గానీ, ఏ వరుస దగ్గర మొదలుపెట్టాలో తెలియలేదు. కాగితాలే పంపాను.

పది రోజులకు తిరిగొచ్చాయి. కవరు మీద దాని చేతిరాత. విప్పి మొదటి నుంచి చూశాను. పందొమ్మిదో వరుస దగ్గర ఎర్ర పెన్సిలు కనపడింది. నేను సరి తేదీ పక్కన తూర్పు అని రాసేశాను. అది కొట్టేసి, పైన చిన్నగా పడమర అని దిద్దింది.

మిగతా ముప్పై వరుసల్లో ఎక్కడా గీత లేదు. కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. వెనక ఏమీ రాసి లేదు.

నా ప్రతిలోనూ పడమర అని దిద్దుకున్నాను.